అయిపోయిన ఆట మళ్లీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. పగలంతా ఉద్యోగం. రాత్రి పిల్లలు పడుకున్నాక గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ధర తగ్గినప్పుడల్లా ఒక యాక్షన్ గేమ్ కొంటాను, కథ పూర్తి చేస్తాను, తీసేస్తాను. ఇప్పటికి నలభై దాటాయి. ఒక్కదాన్ని కూడా మళ్లీ ఆడాలనిపించలేదు. చిన్నప్పుడు మాత్రం కాంట్రా ఒక్కటే రెండేళ్లు ఆడాను, విసుగన్నది ఎరగను. లోపం నాలో ఉందా, ఇప్పటి ఆటల్లో ఉందా? మళ్లీ మళ్లీ ఆడదగ్గ యాక్షన్ గేములు నాలుగైదు చెప్పండి. నా చేతులు మునుపటంత చురుగ్గా లేవన్న సంగతి కూడా దృష్టిలో పెట్టుకోండి. ఈ మాటంటే మా చెల్లెలు "అయిపోయిన ఆట మళ్లీ ఎందుకన్నయ్యా" అని నవ్వుతోంది.
— పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: లోపం మీలో లేదు, ఇప్పటి ఆటల్లోనూ లేదు. మీరు ఎంచుకుంటున్న తీరులో ఉంది. "కథ పూర్తి చేస్తాను, తీసేస్తాను" అని మీరే రాశారు. కథ కోసం ఆడిన ఆట, ఆ కథ తెలిసిపోయాక ఏ ముఖం పెట్టుకుని మిమ్మల్ని మళ్లీ పిలుస్తుంది?

కాంట్రా కథ ఏమిటో మీకు గుర్తుందా? నాకైతే కండలు తిరిగిన ఇద్దరు సైనికులు, ఒక అడవి, చిట్టచివర కొట్టుకుంటున్న పెద్ద గుండెకాయ, అంతే. కానీ 'ఎస్' అక్షరం తుపాకీ చేతికి రాగానే తూటాలు విసనకర్రలా పరుచుకోవడం, అది చేతిలో ఉండగా ప్రాణం పోతే కడుపులో దేవినట్టు కావడం మాత్రం నిన్న జరిగినట్టే ఉంటాయి. 1987లో ఆర్కేడ్ యంత్రాల్లోకి, మరుసటి ఏడాది ఇంట్లో ఆడుకునే కన్సోల్‌లోకి వచ్చిన ఆ ఆటలో ఉన్నవి ఎనిమిదే లెవెళ్లు. ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం పోయినట్టే. చేయి తిరిగినవాళ్లు అరగంటలో ముగించేస్తారు. అరగంట ఆటను రెండేళ్లు ఆడారంటే అప్పుడు మీరు చేసిన పనికి సాధన అని పేరు. ఏ బండ చాటున ఎవడు నక్కి ఉన్నాడో, ఏ వంతెన కాళ్ల కింద పేలిపోతుందో మీ వేళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది.

వేరే ఆట కొనిచ్చేవాళ్లు లేకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి. దాన్ని దాచిపెట్టి కాంట్రాకు గుడి కట్టను. ఇప్పట్లా నలభై ఆటలు ఎదురుగా ఉంటే మూడో లెవెల్ దగ్గరే దాన్నీ వదిలేసేవారేమో.

ఆట రెండోసారికి కొత్తగా మారనక్కర్లేదు. మారేది మీ చేయి. ఆ మారిన చేతిని గుర్తుపట్టి, దానికి తగిన పని ఇచ్చే ఆట కావాలి మీకు. ఎన్ని దీవులున్నాయి, ఎన్ని గంటలు పడుతుంది, ఎన్ని ముగింపులున్నాయి అన్న లెక్కలన్నీ పెట్టె మీద రాసుకోవడానికి పనికొస్తాయి గానీ మిమ్మల్ని వెనక్కి రప్పించలేవు.

ఈ గుర్తుపట్టడం ఎలా ఉంటుందో సెకిరోలో చూపిస్తాను. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019లో తెచ్చిన ఆట ఇది. మొదలుపెట్టిన కాసేపటికే, రాత్రిపూట, నడుమెత్తు పెరిగిన రెల్లుగడ్డి మైదానంలో గెనిచిరో అనే కత్తివీరుడు ఎదురవుతాడు. చాలామంది మొదటిసారి నాలుగైదు దెబ్బల్లోనే నేలకరుస్తారు. అతను మీ ఎడమచేయి నరికేస్తాడు, కథ ముందుకు సాగుతుంది. ఇక్కడ ఓడిపోవాలనే రాసిపెట్టి ఉంది కాబోలు అనుకుని మీరు కూడా సాగిపోతారు. ఎన్నో గంటల తర్వాత కోట పైఅంతస్తులో అదే మనిషి మళ్లీ ఎదురవుతాడు. అక్కడ నేను మూడు రాత్రులు చచ్చాను. కత్తికి కత్తి అడ్డం పెట్టి కూర్చుంటే మొద్దు చప్పుడు వస్తుంది, మీ నిలకడ కాస్తకాస్త కరుగుతుంది. అతని కత్తి తగిలే క్షణంలోనే బటన్ నొక్కితే మాత్రం ఖణేల్మన్న చప్పుడు, నారింజరంగు నిప్పురవ్వలు, నిలకడ కరగడం ఈసారి అతని వంతు. మూడో రాత్రికి నేను అతని చేతులు చూడటం మానేశాను. ఆ చప్పుళ్ల వరస తలకెక్కింది, దాన్నే వింటూ కొట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆట ముగించి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారనుకోండి. అదే రెల్లుగడ్డి, అదే మనిషి. మీరు తలచుకోకముందే వేళ్లు కదులుతాయి. ఖణేల్, ఖణేల్, ఖణేల్. అతను మోకాళ్ల మీద కూలతాడు. అయినా చాటునుంచి ఒక దొంగదెబ్బ పడి మీ చేయి తెగుతుంది, కథ దారి మారదు. కానీ ఆ మైదానంలో ఓడటం రాసిపెట్టి ఉన్నది కాదని, మొదటిసారి మీకు చేతకాలేదంతే అని అప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసం ఆటంతా మళ్లీ ఆడవచ్చు. ఆపైన కూడా ఆట మిమ్మల్ని వదలదు. రెండోసారి ఆడేటప్పుడు కురో అనే బాలుడిచ్చే రక్షను వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇచ్చేశాక, క్షణం తప్పి అడ్డుపెట్టిన ప్రతి దెబ్బా కొంత ఒంట్లోకి దిగుతుంది. మీ చేయి ఎంత పదునెక్కిందో అది అంత నిక్కచ్చిగా కొలుస్తుంది.

అయితే సెకిరోతో మొదలుపెట్టమని చెప్పను. అందులో తేలిక, మధ్యస్థం, కష్టం అనే ఎంపికలే లేవు. గోడకు తల బాదుకుంటున్నట్టుంటే విసుగొచ్చి నన్ను తిట్టుకుంటారు. మూడో ఆటగా పెట్టుకోండి.

మొదట ఆడాల్సింది రెసిడెంట్ ఈవిల్ 4. షింజి మికామి దర్శకత్వంలో కాప్‌కామ్ 2005లో విడుదల చేసింది. 2023లో కొత్తగా మళ్లీ తయారుచేశారు. రెండూ మంచివే, నాకు మాత్రం పాతదే ప్రాణం. పాతదానిలో గురిపెడితే అడుగు కదలదు, అడుగు వేయాలంటే గురి దించాలి. ఈ రెంటి మధ్య నలిగిపోవడంలోనే ఆట రుచంతా ఉంది.

మీ నలభైలో ఇది ఉండే ఉంటుంది. ఊళ్లోకి అడుగుపెట్టే తొలి ఘట్టం గుర్తుచేసుకోండి. మొదటిసారి ఏం చేశారు? జనం గొడ్డళ్లు, పారలు పట్టుకుని మీదికి వస్తుంటే దగ్గర్లో కనపడ్డ మేడింట్లోకి దూరి తలుపుకు బీరువా అడ్డం పెట్టి ఉంటారు. అప్పుడే రంపం మోత వినపడింది. తలకు గోతం తొడుక్కున్నవాడు వచ్చాడు. మేడ మీద గోడకు తగిలించిన షాట్‌గన్ దొరికింది, కిటికీలకు నిచ్చెనలు పడ్డాయి, తూటాలు అయిపోయాయి, మీరు చచ్చారు. రెండో ప్రయత్నంలోనో నాలుగో ప్రయత్నంలోనో ఎలాగో నిలదొక్కుకుంటే చర్చి గంట మోగింది, జనమంతా చేతిలో ఉన్నవి పడేసి వెళ్లిపోయారు.

మూడోసారి ఆట మొదలుపెట్టినవాడు అదే ఊళ్లో ఎలా తిరుగుతాడో చూడండి. ఆ ఇంట్లోకి వెళ్తేనే రంపంవాడు వస్తాడని అతనికి తెలుసు. వెళ్లడు. లేదా కావాలనే వెళ్తాడు, ఎందుకంటే వాడిని చంపితే కెంపు రాలుతుందని కూడా తెలుసు. గుంపులో ముందున్నవాడి తలకు ఒకే ఒక్క తూటా కొడతాడు. వాడు తూలగానే దగ్గరికెళ్లి ఒక్క తన్ను తంతాడు. ఆ తన్నుకు వాడితోపాటు చుట్టూ ఉన్న నలుగురూ వెల్లకిలా పడతారు. గాల్లో తిరుగుతూ వచ్చే గొడ్డలిని గాల్లోనే కాల్చి పడేస్తాడు. మొదటిసారి ముప్పై తూటాలు తిన్న ఊరు ఇప్పుడు పదితో సరిపెట్టుకుంటుంది. ఊరు మారలేదు, మనుషులు మారలేదు. పారిపోయిన చోటనే ఇప్పుడు పెత్తనం చేస్తున్నారు.

ఈ ఆటలో పైకి కనపడని చమత్కారం ఇంకొకటుంది. మీరు ఎలా ఆడుతున్నారో అది లోలోపల గమనిస్తూనే ఉంటుంది. పదేపదే చస్తుంటే శత్రువులు మెత్తబడతారు, కొన్నిచోట్ల సంఖ్య కూడా తగ్గుతుంది. చక్కగా ఆడుతుంటే గట్టిపడతారు. మొదటిసారి గట్టెక్కింది పూర్తిగా మీ ప్రతాపంతోనే కాదన్నమాట. మనసు నొచ్చుకోకండి, అందరి సంగతీ అంతే. ఆట ముగిశాక సంపాదించిన ఆయుధాలతోనే కొత్తగా మొదలుపెట్టే వీలు కూడా ఉంది. దాన్ని ఒకసారి సరదాకు ఆడి, ఆ తర్వాత ఉత్తచేతులతో ఆడండి.

రెసిడెంట్ ఈవిల్ 4 కోసం మొదట తలపెట్టిన ఒక ప్రయత్నం దారి తప్పి ఇంకో ఆటై కూర్చుంది. అదే 2001 నాటి డెవిల్ మే క్రై. మీకు చెప్పేది దాని ఐదో భాగం, 2019లో వచ్చింది. ఇందులో శత్రువును చంపడం పెద్ద పని కాదు, ఎంత సొంపుగా చంపారన్నదానికే మార్కులు. తెర పక్కన 'డి' నుంచి మొదలై 'ఎస్', 'డబుల్ ఎస్', 'ట్రిపుల్ ఎస్' దాకా ఎక్కే అక్షరం ఉంటుంది. ఒకే దెబ్బను మళ్లీ మళ్లీ కొడితే అది ఎక్కదు. ఇంకో విశేషం, వెనక మోగే పాట కూడా మీ ఆటను బట్టే సాగుతుంది. తడబడుతున్నంతసేపు పాట చరణంలోనే మెల్లగా నడుస్తుంది. 'ఎస్' అందుకున్న క్షణంలో పల్లవి ఒక్కసారిగా ఎత్తుకుంటుంది. దెబ్బ తిన్నారా, పాట దిగిపోతుంది. ఆ పల్లవి తెగకుండా ఒక పోరాటమంతా లాక్కురావాలన్న పట్టుదలతో అర్ధరాత్రులు దాటించినవాణ్ని నేను.

ఇరవై ఘట్టాల ఈ ఆటలో డాంటే అనే అసలు వీరుడు పదో ఘట్టం దాకా మీ చేతికి రాడు. నాలుగు పోరాట పద్ధతులు, బోలెడు ఆయుధాలు ఒక్కసారిగా ఒళ్లో పడతాయి. వాటిని అర్థం చేసుకునేలోగా ఆట అయిపోతుంది. మొదటిసారి ముగించడం పరిచయం మాత్రమే అని తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకే ఆ తర్వాత తెరుచుకునే 'సన్ ఆఫ్ స్పార్డా' స్థాయిలో శత్రువుల కూర్పునే మార్చేశారు, చివర్లో వచ్చేవాళ్లు మొదట్లోనే ఎదురుపడతారు. ఇంకా పైకి వెళ్తే 'హెవెన్ ఆర్ హెల్' అని ఒకటుంది, అందులో ఎవరికైనా ఒక్క దెబ్బే, శత్రువుకైనా మీకైనా. అక్కడ మీకు కాంట్రా గుర్తుకు రాకపోతే నన్ను అడగండి. వీ అనే కుర్రాడితో ఆడే ఘట్టాలు మాత్రం నాకు చప్పగా ఉంటాయి. తాను దూరంగా నిలబడి పెంపుడు జంతువులతో కొట్టిస్తాడు. వాటిని గబగబా దాటేయండి, తప్పులేదు.

రాత్రి గంట మాత్రమే ఉందన్నారు గనుక హేడీస్‌ను మీ కోసమే చేశారనుకోవచ్చు. సూపర్‌జెయింట్ గేమ్స్ వాళ్ల ఈ ఆట 2020లో పూర్తిగా విడుదలైంది. పాతాళ రాజు కొడుకు జాగ్రియస్ తండ్రి ఇంటినుంచి పారిపోవాలని చూస్తుంటాడు. ఒక్కో ప్రయత్నం అరగంట, మహా అయితే ముప్పావు గంట. చస్తే నెత్తుటి మడుగులోంచి లేచి తండ్రి ముంగిట్లోనే తేలతాడు. బల్ల వెనక కాగితాలు చూసుకుంటున్న తండ్రి తలెత్తి ఒక ఎత్తిపొడుపు విసురుతాడు. ఇంట్లో మిగతావాళ్లు ఈసారి ఎవరి చేతిలో పోయావని పలకరిస్తారు. చావగానే 'మళ్లీ ప్రయత్నించండి' అని రాసి చేతులు దులుపుకోకుండా, ఆ చావును కథలో కలిపేసుకున్నారు. పారిపోవడంలో పదిసార్లు గెలిస్తేగాని కథ కొలిక్కి రాదు.

ఇలా ప్రతిసారీ గదులు, వరాలు మారిపోయే ఆటల మీద నాకొక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. పేక కలిపి పంచినంత మాత్రాన ఆట కొత్తదవుతుందా? చాలావాటిలో కాదు, ముక్కలు బాగా పడిననాడు గెలుస్తారు, పడనినాడు ఓడతారు, చేయి మాత్రం ఎక్కడిదక్కడే. హేడీస్‌లో ఆరు ఆయుధాలూ ఆరు వేర్వేరు ఆటల్లా ఉండటం వల్ల, గెలిచినకొద్దీ కష్టాన్ని మీరే అంశాలవారీగా పెంచుకునే ఏర్పాటు ఉండటం వల్ల ఆ బాధ లేదు.

డూమ్ గురించి క్లుప్తంగా చెబుతాను, పాతదే, 1993 నాటిది. ప్రతి లెవెల్ చివర మీకు పట్టిన సమయం, పక్కనే దాన్ని తయారుచేసినవాళ్లు సరిపోతుందనుకున్న సమయం చూపిస్తుంది. మొదటి లెవెల్‌కు వాళ్లు పెట్టిన గడువు 30 సెకన్లు. కొత్తవాళ్లు అందులో ఐదు నిమిషాలు గోడలు తడుముతూ తిరుగుతారు. ఆ రెండంకెలు పక్కపక్కన చూశాక ఊరుకోగలరేమో చూసుకోండి. అభిమానులు ఈనాటికీ దానికి కొత్త లెవెళ్లు కడుతూనే ఉన్నారు, అదొక ఎండని బావి. కొత్తకాలపు తుపాకీ ఆటే కావాలంటే 2016 నాటి టైటన్‌ఫాల్ 2 చాలు. గోడల మీద పరుగెత్తడం నేర్పే తొలి పరీక్షలోనే మీ వేగాన్ని కొలిచి పట్టికలో పెడుతుంది. ఒంటరిగా ఆడే కథ చిన్నది, నాలుగైదు రాత్రుల్లో అయిపోతుంది, ఏడాదికొకసారి ఆడుకోవచ్చు.

చేతుల చురుకు గురించి బెంగ వద్దు. 36 ఒక వయసా? సెకిరోలో నేను నేర్చుకున్నదంతా వరస గుర్తుపెట్టుకోవడమే, ఉలిక్కిపడి స్పందించడం కాదు. అయినా భయంగా ఉంటే హేడీస్‌లో గాడ్ మోడ్ పెట్టుకోండి. మొదట 20 శాతం దెబ్బ తగ్గిస్తుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం కలుపుతూ 80 దాకా తీసుకెళ్తుంది. ఎవరూ వెక్కిరించరు. ఒకప్పుడు వెక్కిరించేవారు. 2005 నాటి నింజా గైడెన్ బ్లాక్‌లో మొదట్లోనే మూడుసార్లు చస్తే తేలిక స్థాయి ఇవ్వమంటారా అని అడుగుతుంది. ఒప్పుకున్నారో, దాని పేరు 'నింజా డాగ్', పైగా అంతటి యోధుడి చేతికి ఒక రిబ్బను కట్టి పంపుతుంది. ఆ రిబ్బను పడలేక మామూలు స్థాయిలోనే మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో నేనొకణ్ని.

ఇక మీ దగ్గరున్న నలభై ఆటల సంగతి. అందులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నన్నడగనక్కర్లేదు. ఒక్కొక్కదాన్ని కొత్తగా మొదలుపెట్టి మొదటి అరగంట ఆడండి. మొదటిసారి కంటే మెరుగ్గా ఆడుతున్నారా? దాని వల్ల ఆటలో ఏమైనా మారుతోందా? చాలా ఆటల్లో మారదు, ఎందుకంటే వాటిలో బలపడేది మీ పాత్ర, మీరు కాదు. అంకెలు పెరుగుతాయి, కత్తి రంగు మారుతుంది, పాతిక గంటల తర్వాత మొదటి గంటలో చేసిన పనే చేస్తుంటారు. అలాంటివి నిర్మొహమాటంగా తీసేయండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటివి వేరు. గొప్ప ఆటే, కానీ మంచుకొండల్లో గుర్రం మెల్లగా నడిచే ఆ తొలి అధ్యాయాన్ని మళ్లీ దాటాలంటే నాకు ప్రాణం పోతుంది. దాన్ని ఒకసారి చూసి గుండెల్లో పెట్టుకోవాలి, అంతే. మళ్లీ ఆడలేదని అపరాధభావం అక్కర్లేదు.

మళ్లీ ఆడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. ముగించిన మర్నాడే మొదలుపెట్టకండి, రెండు మూడు నెలలు పోనివ్వండి. బుర్ర మరచిపోతుంది, వేళ్లు మరచిపోవు. ఆ తేడాలోనే సరదా ఉంది. రెండోసారి కష్టాన్ని ఒక మెట్టు పెంచండి, లేదా మీకు మీరే ఒక నియమం పెట్టుకోండి. షాట్‌గన్ ముట్టుకోను, ఆరోగ్యం పెంచుకోను, ఇలా ఒక్కటే. పది నియమాలు పెట్టుకుంటే అదీ ఉద్యోగమే అవుతుంది. ఎలా ఆడాలో చూపించే వీడియోలు మాత్రం చూడకండి. వేరేవాళ్ల చేతులు మీ చేతుల్లోకి వస్తే మీరు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. ఇంకో చిన్న మాట, వంద ట్రోఫీలు పూర్తిచేయాలని ఆడేవాళ్లను చూశాను. ట్రోఫీ రాగానే ఆ ఆట మొహం చూడరు.

మీ చెల్లెలి ప్రశ్న ఒకటి మిగిలింది. కాంట్రా మీరిద్దరూ కలిసే ఆడి ఉంటారని నా అనుమానం. మూడో లెవెల్లో జలపాతం గుర్తుందా? ఇద్దరిలో ఒకరు తొందరపడి పైకి ఎగబాకితే తెర పైకి జరిగి, కింద ఉండిపోయినవాళ్ల ప్రాణం పోయేది. అన్నయ్యలు ఎప్పుడూ పైనే ఉంటారు. అయిపోయిన ఆట మీద ఆమెకు మోజు లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఆమెకు మాటలతో జవాబు చెప్పకండి. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4 పెట్టి రెండో కంట్రోలర్ చేతికివ్వండి. 1994లో మూడో భాగం వచ్చాక 26 ఏళ్లకు, 2020లో వచ్చిన ఆట అది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ వీధి రౌడీలను చితకబాదడమే పని. అందులో గట్టి దెబ్బ కొట్టాలంటే మీ ప్రాణంలోంచే కొంత అప్పు తీసుకోవాలి. ఆ అప్పు మీ ప్రాణరేఖ మీద పచ్చగా కనపడుతుంది. వెంటనే శత్రువులను కొడితే తిరిగొస్తుంది, ఈలోపు ఎవడి చేతిలోనైనా దెబ్బ తింటే పోయినట్టే. మొదటిరోజు ఆమె ఆ పచ్చభాగాన్ని పదిసార్లు పోగొట్టుకుంటుంది. మీరేమీ చెప్పకండి. "ఇంకొక్కసారి ఆడదాం అన్నయ్యా" అన్నప్పుడు మాత్రం, ఈసారి ఆమెను ముందు నడవనివ్వండి.